నాలుగో గల్లీలో వాన ఆట

లాగ్ 1

వినోద ఉపసంఘం వారి ఆజ్ఞానుసారం నేను, అనగా గుండేటి ఓదెలు, డిగ్రీ ఫస్ట్ క్లాసు, పుట్టగొడుగుల మళ్ళకు నీళ్ళు చల్లే ఉద్యోగం నుంచి తాత్కాలికంగా విముక్తి పొంది, ‘ఆటల పరిశీలకుడు’ అనే మహత్తర పదవిని ఈ ఉదయం అలంకరించాను. జీతం లేదు. పూటకో చెంబు నీళ్ళు అదనం. కుర్చీ ఇచ్చారు గానీ దానికి ఒక కాలు లేదు, ఆ మూల కింద రాయి పెట్టారు. సర్వీసులో ఆ రాయి నాకంటే సీనియర్.

పని ఇది. పైన సోలార్ పలకల దుమ్ము తుడవడానికి వెళ్ళినవాళ్ళకు కూలిన ఊళ్ళో ఒక హార్డ్ డిస్క్ దొరికింది. అందులో పాతకాలపు తుపాకీ ఆట ఒకటుంది. మా దగ్గరున్న కరెంటుకు హాల్లో ఒక్క ఆటనే నడపగలం. దీన్ని ఉంచాలా, చెరిపేయాలా? ఉపసంఘం ప్రశ్న రెండు ముక్కలే: ఆడదగునా, ఆడదగదా?

పెట్టె మీద పేరు చెరిగిపోయింది. తెర మీద మాత్రం ఎప్పుడూ వాన. అందుకని ‘వానూరు’ అన్నాను. తెర అడుగున తుపాకీ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కనిపిస్తాయి. ఆ చేతులు మనవే అనుకోవాలి. కొండ మీద ఊరు, పొగమంచు, మనుషులు వెళ్ళిపోయిన చెక్క ఇళ్ళు. రెయిన్‌కోట్లు వేసుకున్న దొంగలు అక్కడక్కడా నక్కి ఉంటారు. వాళ్ళను కాల్చుకుంటూ కొండ కొసన ఉన్న పెద్ద ఇంటికి చేరాలి.

మొదటి ఇంటి గుమ్మంలోనే చచ్చాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ గుమ్మంలోనే. కారణం వీరోచితమైనది కాదు. మేముండేది బొగ్గు తవ్వి వదిలేసిన బాయిలో. పైన ఎండకు తాళలేక తాతల కాలంలో దిగాం, ఇంక ఎక్కలేదు. మాలో ఎవరైనా సరే, కొత్త గదిలోకి వెళ్ళే ముందు కర్రతో పైకప్పు తట్టి, మోత విని, ఆ తర్వాతే కాలు పెడతాం. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులు రాయి డొల్లగా మోగుతుంది. ఆటలో నాకు కర్ర ఇవ్వలేదు. అందుకని గుమ్మంలో నిలబడి తుపాకీతో కప్పు మీదికి ఒక గుండు కాల్చి, చెవి పెట్టి విన్నాను. లోపలి దొంగ ఆ తీరిక చూసి నన్ను కాల్చాడు. న్యాయమే.

లాగ్ 2

హాలు మా నాలుగో గల్లీ కొసన ఉంది. బొగ్గు తీసిన పాత గదే. కప్పు కింద చెక్క దిమ్మెలు నిలబెట్టి ఉంటాయి. అక్కడ ఈ రోజు వానూరు ప్రథమ బహిరంగ ప్రదర్శన జరిగింది. అధ్యక్షులు గట్టయ్య సార్. మా బాయి పెద్ద ఆయనే. ఎవరి పెళ్ళయినా, ఎవరి కొట్లాటయినా ముందు వరసలో ఉంటాడు. స్పీకర్లు పెట్టాను. జనం కిక్కిరిశారు. నేను నిలబడి గొంతు సవరించుకుని, “కళాభిమానులారా” అన్నాను. “కూసో బే” అన్నారు కళాభిమానులు.

వాన మొదలైంది. వాన చప్పుడు మాకెవరికీ తెలియదు. మొదట మోటారు పాడైందేమో అని ఇద్దరు లేచి వెనక్కి చూశారు. తర్వాత అందరూ ఊరకుండిపోయారు. పిల్లలు కూడా. నేను మెల్లగా ఊళ్ళోకి నడిచి, ఒక ఇంట్లోకి దూరి, మెట్లెక్కాను. మూడో మెట్టు మీద కాలు పెట్టగానే ఇల్లు పలికింది.

చిట్. కిర్ర్‌ర్.

హాలు ఖాళీ.

మా బాయిలో అన్నిటికంటే పెద్ద చట్టం అది: పలికితే ఉరుకు. కప్పు పడేముందు కింద నిలబెట్టిన దిమ్మె చిటపటమంటుంది, కిర్రుమంటుంది. అది వినిపిస్తే చేతిలో ఉన్నది బంగారమైనా బిడ్డ పాల డబ్బా అయినా వదిలేసి పెద్ద సొరంగంలోకి పరుగెత్తాలి. ఎందుకు అని అడగకూడదు, వెనక్కి చూడకూడదు. మాటలు రాకముందే మాకు ఇది నేర్పుతారు. ఆట చేసిన పాతకాలపు మనిషి ఎవడో నిజమైన చెక్క చప్పుడు పట్టుకుని తెచ్చి అందులో పెట్టాడు. నేను కూడా కుర్చీ, రాయి అన్నీ తన్నేసి ఉరికాను.

సొరంగంలో గట్టయ్య సార్ రొప్పుతూ నా మెడ పట్టుకున్నాడు.

“ఎవలు పలికిన్రురా ఓదెలూ? ఏ దిమ్మె?”

“దిమ్మె కాదు సార్. ఆట పలికింది.”

“ఆటకు నోరెక్కడిదిరా?”

మెస్సు పోశక్క గరిటె పట్టుకునే వచ్చింది. “నీ ఆట మీద మన్నువడ! గంజి మొత్తం ఒలకబోసుకున్న. రాత్రికి నువ్వే అందరికి గంజి కాయాలె!”

నవ్వులు. కాలు బెణికినవాడు కూడా నవ్వాడు. అందరూ తిరిగి వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ పలికింది. ఈసారి సగం మందే ఉరికారు.

లాగ్ 3

మా అక్క స్వరూప గురించి రాయాలి. ఆమె నాలుగో గల్లీ ‘చెవి’. ప్రతి గల్లీకీ ఒక చెవి ఉంటారు. ఆమె రోజూ కర్ర పట్టుకుని గల్లీ పొడవునా కప్పు తట్టుకుంటూ, దిమ్మెలకు చెవి ఆనించి వింటూ నడుస్తుంది. మామూలు మనుషులకు కప్పు అరిస్తేనే వినిపిస్తుంది, అక్కకు గొణిగినా వినిపిస్తుంది. మెడలో విజిల్. అది ఊదితే రెండు వందల మంది లేచి ఉరుకుతారు. మా అమ్మ కూడా చెవే. నన్నూ పరీక్షించారు. ‘ఇతనికి నోరు మాత్రమే పనిచేయుచున్నది’ అని రాసి పంపేశారు.

అక్క ఈ రోజు హాలుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, “ఏందిరా గీ పిచ్చాట? పెద్దమనుషులు కూసోని తుపాకులు పేల్చుడేంది?” అంది. నేను హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

“ఎవడో గని మస్తు ఇన్నోడు చేసిండ్రా దీన్ని” అంది చివరికి, గొంతు తగ్గించి. “ఊకె సప్పుడు పెట్టలే. రేకు మీద పడే వాన వేరే, మన్ను మీద పడే వాన వేరే పెట్టిండు. ఆకు మీద ఇంకో తీరు. నువ్వు ఇన్నవా?”

“నేను దొంగలను చూస్తున్నానక్కా.”

“దొంగలను సూసుడెందుకు? మెట్ల కింద ఇద్దరున్నరు. ఒకడు కుంటుతున్నడు. ఇనవడ్తలేదా?”

నిజంగానే ఉన్నారు. ఒకడు నిజంగానే కుంటుతున్నాడు. హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్లు పెట్టి, ఆమె చేతికి మౌస్ ఇచ్చాను. నేను వారం పాటు చచ్చిన వీధిని ఆమె ఒక్క ఊపులో దాటేసింది, ఆరుగురిని పడగొట్టి. చివర తుపాకీ దించి, ఒక కిటికీ దగ్గర ఆగి, వాన వింటూ నిలబడిపోయింది. వెనక లైనులో ఉన్నవాళ్ళు గొణగలేదు. వాళ్ళూ విన్నారు.

లాగ్ 4

పరిశీలన సాగుతున్నది. ఉపసంఘం వారికి ఇవ్వబోయే నివేదికకు చిత్తు ప్రతి:

‘తుపాకీకి బరువు లేదు. దొంగలు అమాయకులు, ఒకే చోట నిలబడి ఒకే బూతు తిడతారు. కథ అంటూ ఏమున్నదో నాకు బోధపడలేదు. పెద్ద ఇంట్లో ఎవరో ఎదురు చూస్తున్నారట, ఎవరో చెప్పరు. ఇన్ని లోపాలున్నా ఈ ఆట దగ్గర నుంచి జనం లేవడం లేదు. ఎందుకంటే ఎవరూ ఆడడం లేదు. అందరూ కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడుతున్నారు.’

ఇందులో అతిశయోక్తి లేదు. ఇద్దరు అన్నదమ్ములు నీళ్ళ వంతు గురించి చాలా కాలంగా మాట్లాడుకోవడం లేదు. నిన్న ఒకడు మౌస్ పట్టుకుంటే రెండోవాడు పక్కన కూర్చుని, “ఆ చెట్టు కిందికి పోరా, అక్కడ సప్పుడు మంచిగుంటది” అన్నాడు. గట్టయ్య సార్ అది చూసి కళ్ళు తుడుచుకున్నాడు. “ఆడదగును అని రాసెయ్‌రా. ఇంకేం సూస్తవ్? కొట్లాటలు తగ్గినయ్. జనం మంచిగ పండుకుంటున్నరు.”

మెట్టు పలికినప్పుడు ఎవరూ ఉరకడం లేదు. పైగా ఆ మెట్టు కోసమే ఎదురు చూస్తున్నారు. కిర్రుమనగానే పిల్లలు “ఆహా” అని కోరస్ పాడుతున్నారు. కోరస్ నేనే నేర్పాను. నా సంగీత సేవ.

లాగ్ 5

ఈ రోజు జరిగింది తేలిగ్గా రాయాలని చూశాను, కుదరలేదు.

మధ్యాహ్నం నీళ్ళ లైనులో ఉన్నాం. డ్రమ్ముల కింద వేసిన చెక్క పలక బరువుకు చిట్లింది. చిట్, కిర్ర్‌ర్. ముసలివాళ్ళు బిందెలు పడేసి ఉరికారు. అందరికంటే ముందు పోశక్క. ఆమె గంజి పారబోసుకున్న రోజు నుంచి హాలు గడప తొక్కలేదు. మిగతా మేమంతా నిలబడే ఉన్నాం. ఒకడు “ఆహా” అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా.

పలక చిట్లిందని తెలిశాక పోశక్క తిరిగొచ్చింది. బిందె ఎత్తుకుంటూ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

“మీరెందుకు ఉరకలే?”

“ఏం కాలేదు కదా పోశక్కా, ఉత్త చెక్క.”

“గది మీకు అప్పుడే ఎట్ల తెలిసిందిరా?”

మాకు తెలియదు. మేం ఆలోచించలేదు, తేల్చుకోలేదు, ధైర్యం చేయలేదు. కాళ్ళు కదలలేదు, అంతే. ఇంటికి వచ్చాక నా కాళ్ళ వైపు చూసుకున్నాను. నావే. కానీ పుట్టినప్పటి నుంచి వాటికి తెలిసిన ఒకే ఒక్క మంచి పని ఎప్పుడు మర్చిపోయాయో నాకు తెలియదు.

మా సంగతి పోనీ. మేం వినకపోయినా అక్క వింటుంది. అక్క రోజూ హాలుకు వస్తోంది. అందరికంటే ఎక్కువసేపు ఉంటోంది.

లాగ్ 6

కొత్త చెవులకు శిక్షణ ఇవ్వడానికి మా దగ్గర టేపులున్నాయి. కప్పు పడేముందు నిజంగా పలికిన పలుకులు అవి. అమ్మ లాంటివాళ్ళు రికార్డు చేసి పెట్టినవి. అందులో ఒకటి అడిగి తెచ్చి, వానూరు వాన మధ్య అక్కడక్కడా కలిపాను. అక్కను కూర్చోబెట్టాను.

“కళ్ళు మూసుకో అక్కా. ఆట చప్పుడైతే ఊరుకో. నిజం కప్పు పలికితే విజిల్ ఊదు.”

“పిల్లాటలు ఆడుతున్నవా నాతోని?”

“అవును. నా పదవే అది.”

నవ్వి, కళ్ళు మూసుకుంది. వాన మొదలైంది. మొదటి నిజం పలుకు వచ్చింది. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. రెండోది వచ్చింది. పెదవుల మీద చిరునవ్వు. కాసేపటికి ఆటలోని తలుపు కిర్రుమంటే విజిల్ ఊదింది. మూడో నిజం పలుకు చాలా పెద్దది. దాని తర్వాత టేపులో కప్పు పడిన మోత ఉంటుంది కాబట్టి అక్కడికి కోసేశాను. ఆమె తల కొద్దిగా పక్కకు వంచి, వాన వింటోంది.

ఆపేసి చెప్పాను.

“టేపు పాతది. అరిగిపోయింది.”

“అక్కా.”

“నా చెవి సంగతి నాకు చెప్తవారా? దిమ్మెకు చెవి పెట్టి ఇనుడు వేరే, గిట్ల డబ్బాల ఇనుడు వేరే.” లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. “నీ రిపోర్టుల రాస్తవా గిది?”

“రాయకపోతే?”

“రాస్తే నా విజిల్ గుంజుకుంటరు. గది లేకపోతే నేనెవర్ని? నువ్వు పుట్టగొడుగుల మళ్ళకు పోయినా జోకులేసుకుంట బతుకుతవ్. నాకు ఇనుడు తప్ప ఏం రాదు ఓదెలూ.”

నేను రాయనని అనలేదు. రాస్తానని కూడా అనలేదు. డిగ్రీలో మాకు తర్కశాస్త్రం ఉండేది, ఫస్ట్ క్లాసు వచ్చింది. అక్క విజిల్ ఒక పక్క, ఆ విజిల్ కింద పడుకునే రెండు వందల మంది ఒక పక్క. ఇంత సులువైన లెక్క కూడా చేయలేకపోతున్నాను.

లాగ్ 7

చేశాను. తప్పుగా చేశాను.

నివేదిక ఇచ్చాను: ‘వానూరు ఆడదగదు. కారణం: కరెంటు అధికంగా వినియోగించుచున్నది. విశేషించి స్పీకర్లు.’ అక్క పేరు లేదు, కాళ్ళ సంగతి లేదు, పలక సంగతి లేదు. ఆట పోతే అక్క చెవి తిరిగొస్తుందనుకున్నాను. ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుంటుందనుకున్నాను.

గట్టయ్య సార్ కాగితం రెండుసార్లు చదివాడు.

“గంత మంచి ఆటను కరెంటుకు బలిస్తవారా?”

“విధి నిర్వహణ సార్.”

“నీ విధి పాడుగాను.” కానీ కరెంటు అంటే మా దగ్గర ఎవరూ ఎదురు చెప్పరు. గాలి పంకాలు దాని మీదే తిరుగుతాయి. ఆయన సంతకం పెట్టి, కాగితం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు. “రేపు ఆఖరుసారి అందరం సూద్దాం. నువ్వే అన్నవ్ కద, స్పీకర్లే కరెంటు తాగుతయని? స్పీకర్లు బంద్ పెట్టి సూద్దాం. బొమ్మ చాలు.”

నా అబద్ధానికి నేనే కట్టుబడాలి కదా. సరేనన్నాను. అక్కకు చెబితే, “వాన ఇనవడదా?” అని ఒక్క మాటే అడిగింది.

లాగ్ 8

మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు బాగోలేకపోతే క్షమించాలి.

ఆఖరి ప్రదర్శనకు అన్ని గల్లీల వాళ్ళూ వచ్చారు. పోశక్క ఒక్కతే రాలేదు. చంటిపిల్లలతో సహా హాలు నిండిపోయింది. గట్టయ్య సార్ ముందు వరసలో, ఆయన పక్కన అక్క. స్పీకర్ వైరు అందరి ముందూ ఊడబీకి చేతిలో పట్టుకుని నిలబడ్డాను, నిజాయితీకి నిదర్శనంగా. రెండో చేత్తో ఆట నడిపించాను. తెర మీద వాన, చప్పుడు లేకుండా. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. నేను ఊళ్ళోకి నడిచి, ఇంట్లోకి దూరి, మెట్లెక్కాను. మొదటి మెట్టు. రెండో మెట్టు.

చిట్. కిర్ర్‌ర్.

పిల్లలు “ఆహా” అన్నారు.

నేను మూడో మెట్టు ఎక్కాను. మళ్ళీ పలికింది, ఇంకాస్త పొడుగ్గా. ఎంత బాగా చేశాడు ఆ మహానుభావుడు అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. వందల చెవులు అటే ఉన్నాయి. అందరూ తెర వైపు చూస్తూ, ముఖాల మీద ఆ నీలం వెలుతురు పడుతూ, కిర్రుమనే మెట్టును ప్రేమగా వింటున్నారు.

అక్క తల తిప్పి నన్ను చూసింది. ముఖం కాదు, చెయ్యి చూసింది. లేచింది. విజిల్ నోట్లో పెట్టుకుంది గానీ మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి హాలు చీలిపోయేలా ఊదింది.

“ఉరుకుండ్రి! నిజం! నిజం! ఉరుకుండ్రి!”

అప్పుడు కాళ్ళు కదిలాయి. అందరివీ ఒకేసారి. పిల్లలను భుజాల మీదికి విసిరేసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ గుమ్మం దాటాం. గట్టయ్య సార్ చెప్పు ఊడిపోతే దాని కోసం వంగాడు, నేను ఆయన చొక్కా పట్టి ఈడ్చాను. సొరంగం మలుపు తిరిగాక వెనక నుంచి మోత వచ్చింది. దుమ్ము వచ్చి దీపాలను కప్పేసింది. హాలు, తెర, వానూరు, నా కుర్చీ, అన్నీ కింద పడిపోయాయి.

పేర్లు పిలిచాం. అందరూ పలికారు. మళ్ళీ పిలిచాం. మళ్ళీ అందరూ పలికారు. అప్పుడు ఏడుపులు మొదలయ్యాయి, తర్వాత కేకలు. ఎవరో అక్కను పైకి ఎత్తారు. “నీ చెవి సల్లగుండ బిడ్డా!” అని ముసలివాళ్ళు ఆమె కాళ్ళు ముట్టుకుంటున్నారు. గట్టయ్య సార్ ఒంటి చెప్పుతో నిలబడి, అమ్మ పేరు తలుచుకుని, తల్లికి తగ్గ బిడ్డ అని ప్రసంగం మొదలుపెట్టాడు. అక్క నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, వద్దు అని. ఆమె కిందికి దిగింది.

“ఆగుండ్రి. నేను ఇనలే.”

ఎవరికీ అర్థం కాలేదు.

“మీ లెక్కనే నేను గూడ ఆట అనుకున్న. రెండుసార్లు పలికింది, రెండుసార్లు ఆట అనుకున్న. మా తమ్ముని చేతుల ఊడబీకిన వైరు సూసిన. అప్పుడు తెలిసింది. నా చెవికి కాదు, కంటికి.”

సొరంగంలో దుమ్ము దిగుతోంది. గట్టయ్య సార్ దగ్గరకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏదైతేంది బిడ్డా. అందరం బతికినం కద. ఇంక గా ముచ్చట ఎందుకు?”

“బతికినం సార్. రేపు ఎవల చేతుల వైరు సూడాలె?”

ఆయన చెయ్యి తీసేశాడు. అక్క విజిల్ తాడు మెడలోంచి తీసింది. జడకు చిక్కుకుంటే గట్టిగా లాగింది. ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

కరెంటు అన్నది అబద్ధమని, టేపు సంగతి, నీళ్ళ లైను సంగతి నేను కూడా అక్కడే అందరికీ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ముసలివాళ్ళు తమ పిల్లల వైపు చూశారు. ఒకాయన తన మనవడి వెనక నిలబడి ఎండిన పుల్ల విరిచాడు. పిల్లవాడు తిరిగి కూడా చూడలేదు.

ఉపసంఘం వారికి సవరించిన నివేదిక ఇంతే: ‘ఆట చాలా మంచిది. పైన ఇల్లు, ఇంటి మీద ఆకాశం ఉన్నవాళ్ళు ఆడదగును. మేము ఆడదగదు.’

నాలుగో గల్లీకి ఇప్పుడు చెవి లేదు. పక్క గల్లీల చెవులు కూడా హాలుకు వచ్చినవాళ్ళే, వాళ్ళను పరీక్షించే దాకా నమ్మడానికి లేదు. ఈ సాయంత్రం అందరం పరుపులు మోసుకుని పెద్ద సొరంగంలోకి వచ్చాం. ఆట వినని పోశక్కను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ పడకలు వేసుకున్నాం. ఆమె “నేనెట్ల ఇంటనురా, నేను గంజి కాసుకునేదాన్ని” అని గొడవ చేస్తూనే ఉంది, అయినా ఎవరూ కదలలేదు. అక్క పరుపు మోయడానికి వెళ్ళాను. ముట్టనివ్వలేదు. తనే మోసుకొచ్చి, అందరికీ దూరంగా, గోడ వైపు తిరిగి పడుకుంది.